నాలుగు గంటలు నీ చేతిలో

"పేషెంట్ల దగ్గరికి తర్వాత పోదువుగాని. ముందు నీళ్ల గదిలోకి పద" అంటారు పని నేర్పే సార్, నువ్వింకా ఏప్రన్ ముడి వేసుకోకముందే.

ఉదయం ఐదున్నర. ఉద్దానంలో, పలాసకూ ఇచ్ఛాపురానికీ మధ్య ఒక ప్రభుత్వ ఆసుపత్రి. వరండా బల్లల మీద తొలి షిఫ్టు వాళ్లు అప్పటికే కూర్చున్నారు. ఒకరి ఒళ్లో దుప్పటి, ఒకరి పక్కన టిఫిన్ క్యారేజీ, ఒకావిడ చేతిలో అంచులు నలిగిన ఫైలు. కవిటి వైపు నుంచి, సోంపేట వైపు నుంచి చీకటితోనే ఆటోలెక్కి వచ్చినవాళ్లు. నువ్వు నడిచి వెళ్తుంటే అందరూ తలెత్తి చూస్తారు. ఇంటర్ అయ్యాక డయాలసిస్ టెక్నీషియన్ డిప్లొమాలో చేరి, రెండో ఏడాదిలో క్లినికల్ పోస్టింగుకు వచ్చిన పిల్లవి. ఈ కొత్తమ్మాయి సూది ఎలా పెడుతుందోనని వాళ్ల ఆరా.

నీళ్ల గదిలో మోటారు హోరుకు మాట వినపడదు. గోడ వెంబడి వరసగా ఇసుక ఫిల్టరు, సాఫ్ట్‌నర్, కార్బన్ ట్యాంకు, వాటి తర్వాత ఆర్వో మెంబ్రేన్ గొట్టాలు. ప్లాంటు ఆన్ చేసి పావుగంట ఆగుతారు. అప్పుడు కార్బన్ ట్యాంకు తర్వాతి కుళాయి తిప్పి, చిన్న గాజు సీసాలోకి నీళ్లు పట్టి, అందులో మందు బిళ్ల వేసి నీ చేతికిస్తారు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడాలి. గులాబీ ఛాయ వస్తే క్లోరిన్ ఉన్నట్టు. లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటితే ఆరోజు ఒక్క మిషన్ కూడా ఆన్ చేయడానికి లేదు, బయట ఎంతమంది కూర్చుని ఉన్నా సరే.

"కుళాయి నీళ్లలో క్లోరిన్ మనం తాగుతాం కదా సార్?"

"తాగితే కడుపులోకి పోతుంది, కడుపు చూసుకుంటుంది. ఇక్కడ నీళ్లకీ నెత్తురుకీ మధ్య పల్చని పొర తప్ప ఇంకేం లేదు. క్లోరిన్, క్లోరమిన్ పొర దాటితే ఎర్ర కణాలు పగిలిపోతాయి."

తరువాత లెక్క చెబుతారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజుకు రెండు లీటర్ల నీళ్లు తాగుతాడనుకో. డయాలసిస్ మిషన్‌లో నిమిషానికి 500 మిల్లీలీటర్లు పారుతుంది. నాలుగు గంటలకు 120 లీటర్లు. వారానికి మూడుసార్లయితే 360. ఇన్ని నీళ్లు ఒక మనిషి నెత్తురుకి ఇంత దగ్గరగా పారే చోటు వైద్యంలో మరొకటి లేదు. 1996లో బ్రెజిల్‌లోని కరువారు అనే ఊళ్లో డయాలసిస్ కేంద్రానికి సరిగా శుద్ధి కాని నీళ్లు వచ్చాయి. జలాశయంలో పెరిగిన నాచు విషం ఆ నీళ్లలో ఉంది. ఆ విషానికి కాలేయం దెబ్బతిని 50 మందికి పైగా చనిపోయారు. ఈ వృత్తిలోకి వచ్చే ప్రతి విద్యార్థికీ ఈ కథ మొదటి వారంలోనే చెప్పాలని నా గట్టి అభిప్రాయం. మిషన్ల గురించి ఎన్ని పాఠాలు చెప్పినా, నీళ్ల గదిలోకి రోజూ ఎందుకు వెళ్లాలో ఇంత సూటిగా చెప్పే పాఠం లేదు.

సీసాలో రంగు రాలేదు. రిజిస్టరు నీ ముందు పెడతారు.

"చూసిన అంకె రాయి. నిన్నటి గడి చూసి రాయకు."

రాస్తావు. కింద ఆయన సంతకం చేస్తారు. నువ్వు రాసినదానికి బాధ్యత వహించే హక్కు నీకింకా రాలేదు.

హాల్లో మిషన్లు ఒక్కొక్కటే మేలుకుంటున్నాయి. ఒక్కో మిషన్ కింద రెండు క్యాన్లు: ఎర్ర మూతది యాసిడ్, నీలం మూతది బైకార్బొనేట్. ఈ రెండూ ఆర్వో నీళ్లతో సరైన పాళ్లలో కలిశాయో లేదో తెరమీద కండక్టివిటీ అంకె చెబుతుంది. 14కి అటూ ఇటూ ఉండాలి. ఒక మూలనున్న మిషన్‌ని మాత్రం ముట్టుకోవద్దంటారు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు అది విడిగా ఉంచింది.

ఇక డయలైజర్. జానెడు పొడవున్న ప్లాస్టిక్ గొట్టం. లోపల వెంట్రుకలంత సన్నని నాళాలు పది వేల దాకా ఉంటాయి. నెత్తురు వాటి లోపలినుంచి, డయాలసిస్ ద్రవం వాటి బయటినుంచి, ఒకదానికొకటి ఎదురు దిశలో పోతాయి. యూరియా, పొటాషియం ఇటునుంచి అటు జారతాయి. ఒకే మనిషికి మళ్లీ వాడే డయలైజరైతే మీద పేరు, నంబరు ఉంటాయి. పైకి చదవాలి. పక్కనున్న ఇంకొకరు కూడా చదవాలి. ఆ పేరుగల మనిషి చేత కూడా చదివించాలి. కడిగాక నిల్వ కోసం నింపిన మందు లోపల మిగల్లేదని స్ట్రిప్ ముంచి చూడాలి. అప్పుడు సెలైన్ వదులుతావు. గొట్టాల్లో గాలి బుడగలు కనిపిస్తాయి. అరచేత్తో డయలైజర్‌ని తడుతూ, తిప్పుతూ ఒక్కొక్క బుడగనూ పైకి తోలాలి. ఒక బుడగ మూల పట్టుకుని కదలదు. సార్ ఏమీ అనరు. అది పోయేదాకా పక్కన నిలబడతారు, అంతే.

తాతకి ఈరోజు సూది నువ్వే పెడుతున్నావు.

కొబ్బరి తోటలో పని చేసిన మనిషి. పంచె, పైన తెల్ల చొక్కా, ఎడమ చెయ్యి మడిచిన చోట పైకుబికిన నరం. ముందు బరువు. డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, 52 కిలోలు. తూకం 54.4 చూపిస్తుంది. మొన్నటినుంచి ఒంట్లో చేరిన నీరు 2.4 లీటర్లు. ఆఖర్న నెత్తురు తిరిగి పంపడానికి ఎక్కించే సెలైన్ 0.3 కలిపితే తియ్యాల్సింది 2.7. నాలుగు గంటల్లో అంటే గంటకు 675 మిల్లీలీటర్లు. కిలోకి చూస్తే గంటకు 13.

"13 దాటితే గుండెకి కష్టం. అంచు మీదున్నాడు" అంటారు సార్ మెల్లిగా. "ఈ పూట తాత మీదినుంచి కళ్లు తిప్పకు."

"రాత్రి ఏం తిన్నావు తాతా?"

"ఏటి తింతాను పాపా. సద్దికూడు, ఎండుసేప."

ఎండు చేపలో ఉప్పు. ఉప్పు తింటే దాహం. దాహమేస్తే నీళ్లు. కోప్పడి లాభం లేదని పోస్టింగు మొదట్లోనే నీకు తెలిసింది. ఈ మనుషులకు వద్దంటున్నవన్నీ వాళ్లు పుట్టి పెరిగిన నేలవే. తలెత్తితే కొబ్బరి చెట్లు, కానీ కొబ్బరి నీళ్లు తాగకూడదు. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేనప్పుడు గుండె ఆగే ప్రమాదం ఉంది. జీవితమంతా బొండాలు దింపినవాడికి ఒక్క బొండం వద్దని చెప్పడం కష్టమే. చెప్పాలి. మళ్లీ మళ్లీ చెప్పాలి, విసుగు చూపకుండా.

చెయ్యి చాపుతాడు. ముందు చూడాలి: ఎరుపుందా, వాపుందా, పొక్కులున్నాయా. తరువాత ముట్టుకోవాలి. వేళ్లు పెట్టగానే తెలుస్తుంది, చర్మం కింద ఆగకుండా సన్నని వణుకు. నిద్రపోతున్న పిల్లి ఒంటి మీద చెయ్యి వేసినట్టు. ధమనిని సిరతో కలిపి కుట్టి ఫిస్టులా చేసినచోట నెత్తురు వేగంగా దూకడం వల్ల వచ్చే వణుకది. అది లేకపోతే ఫిస్టులా మూసుకుపోయినట్టే, సూది పెట్టకుండా డాక్టరుగారికి ఫోను చేయాలి. ఆఖర్న స్టెతస్కోపు పెట్టి వినాలి. ఎడతెగని హోరు.

ఈ ఏర్పాటు వయసు ఎంతో కాదు. మొదట్లో డయాలసిస్ చేసిన ప్రతిసారీ ఒక ధమనీ ఒక సిరా పాడయ్యేవి. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టాన్ని చేతిలోనే ఉంచేసే పద్ధతి తెచ్చాక మనుషులు నెలలు, ఏళ్లు బతకడం మొదలైంది. గొట్టం బయటికి ఉండేది, చీము పట్టేది, గడ్డకట్టేది. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రి డాక్టరు జేమ్స్ చిమినో, విద్యార్థిగా ఉన్నప్పుడు నెత్తురు తీసే పని చేసినవాడు. యుద్ధంలో గాయాలై ధమనీ సిరా కలిసిపోయిన సైనికుల చేతుల్లో సిరలు ఎంత లావుగా ఉబ్బుతాయో ఆయనకు గుర్తుంది. ఆ జ్ఞాపకంలోంచి, సహచరుడు బ్రెషియాతోనూ సర్జన్ అపెల్‌తోనూ కలిసి చేసినదే ఈ ఫిస్టులా. 1966లో ప్రకటించారు. సూది పెట్టే పనివాడి చేతికి తెలిసిన సంగతి వైద్యాన్నే మార్చింది. మన టెక్నీషియన్లకు పాఠాల్లో ఆయన పేరుతో పాటు ఆయన చేసిన ఆ తొలి పని కూడా చెప్పాలనిపిస్తుంది నాకు.

"అక్కడ వద్దు పాపా, మొన్న వాసింది. పైకి సూడు."

తాత చెబుతున్నది నిజం. వేలితో నొక్కితే అక్కడ కొంచెం గట్టిగా ఉంది. ఒకే చోట పదేపదే పొడిస్తే గోడ పల్చబడి బుడగలా ఉబ్బుతుంది, అందుకే చోటు మార్చాలి. రెండు వేళ్ల ఎడం పైకి పోతావు. మందు రాసి ఆరనిస్తావు. ఆరకముందు పొడిస్తే మందు రాసి ప్రయోజనం లేదు, కానీ వెనకాల నలుగురు ఎదురుచూస్తుంటే ఆ అర నిమిషం ఆగడమే అన్నిటికన్నా కష్టం. సార్ నీ చేతిని చూడటం లేదు, గోడ గడియారం చూస్తున్నారు.

"బయపడకు. నువ్వు బయపడితే నా సెయ్యికి తెలిసిపోద్ది" అంటాడు తాత.

16 గేజి సూది. మనం జ్వరానికి వేయించుకునే ఇంజెక్షన్ సూది దీని ముందు ఎందుకూ చాలదు. మొన వాలు పైకి, చర్మానికి పాతిక డిగ్రీలు. చర్మం బిగువుగా లాగి పట్టుకో. లోపలికి. చిన్న అడ్డు, తరువాత వదులు. గొట్టంలోకి నెత్తురు ఎగిరి వస్తుంది, వేళ్ల కింద కొడుతూ. ఇప్పుడు కోణం తగ్గించి, సూదిని దాదాపు పడుకోబెట్టి, మెల్లిగా ముందుకు. అక్కడే ఆగాలి, ఇంకా నెడితే అవతలి గోడ చిరుగుతుంది. టేపు అడ్డంగా ఒకటి, రెక్కల కిందనుంచి మడిచి ఇంకొకటి. రెండో సూది పైన, గుండె వైపు మొన తిప్పి. ఇదంతా అయ్యాక గానీ ఊపిరి బిగబట్టావని నీకు తెలియదు.

తాత అరవలేదు. బాగుందనీ అనలేదు. "టీవీ ఎయ్యండి" అన్నాడు.

పంపు తిరుగుతుంది. ముందు నిమిషానికి 150, తరువాత 250, 300. ఎర్ర గొట్టంలో నెత్తురు వెళ్తోంది, నీలం గొట్టంలో తిరిగి వస్తోంది. తాత దుప్పటి లాక్కుంటాడు, చలేస్తోందని. నువ్వు కప్పుతావు. సార్ వచ్చి సూదులున్న చెయ్యి మీదినుంచి దుప్పటి తీసి పక్కకు మడుస్తారు.

"ఒళ్లంతా కప్పు. చెయ్యి మాత్రం నీ కళ్లకు కనపడాలి. నీలం గొట్టం సూది ఊడిందనుకో, పంపు ఆగదు. నిమిషానికి 300 మిల్లీలీటర్లు దుప్పటి కింద పరుపులోకి పోతుంది. ప్రతిసారీ మిషన్ అరుస్తుందని నమ్మకు."

లెక్కేసుకుంటావు. లీటరు పోవడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టదు.

ఇదీ ఈ ఉద్యోగం. డాక్టరు రౌండుకు వస్తారు, చూస్తారు, మందులు మారుస్తారు, వెళ్తారు. నాలుగు గంటలూ మంచం పక్కనుండేది టెక్నీషియన్. ఒకరి నెత్తురంతా మళ్లీ మళ్లీ ఒంటి బయటికి తీసి, కడిగి, తిరిగి ఎక్కించే పని చూసి నేర్చుకుంటే వచ్చేస్తుందని, చదువు అక్కర్లేదని అనుకునే యాజమాన్యాలు ఎక్కడున్నా తప్పు చేస్తున్నాయి. వారానికి మూడుసార్లు అదే మంచం మీదికి వచ్చే మనిషికి, సూది పట్టినవాళ్లు ఏం చదివారో, ఎవరు పరీక్షించారో తెలుసుకునే హక్కుంది. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో పార్లమెంటు చేసిన జాతీయ కమిషన్ చట్టం డయాలసిస్ సాంకేతికులను కూడా తన జాబితాలో చేర్చింది. ఆలస్యంగానైనా మంచి పని.

మొదటి గంట మాటలతో గడిచిపోతుంది. రెండో గంటకు సగం మంది నిద్ర. అరగంటకోసారి బీపీ, ప్రెషర్లు చార్టులో రాస్తావు. పక్క మంచం మీద ముప్పై దాటని కుర్రాడు ఫోనులో పాత సినిమా చూస్తున్నాడు. ఇతనికి షుగరు లేదు, జబ్బు బయటపడేనాటికి బీపీ కూడా లేదు. ఉద్దానంలో ఇలాంటివాళ్లు చాలామంది. నీళ్లనీ, మట్టినీ, పురుగుమందులనీ, ఎండలో ఒంట్లో నీరింకిపోవడమనీ ఏళ్ల తరబడి పరిశోధిస్తున్నా, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10 వేల రూపాయల పింఛను ఇస్తోంది. ఆ డబ్బుతో ఇల్లు నడుస్తోందని పక్కనే నిలబడ్డ అతని భార్య చెబుతుంది. వారంలో మూడు రోజులు ఇక్కడే గడిచిపోతే కూలికి ఎవరు పిలుస్తారు?

మూడో గంటలో తాత ఆవలిస్తాడు.

చార్టు మీదినుంచి తలెత్తుతావు. నిద్రొచ్చిందేమో. పొద్దుటినుంచి ఏదో ఒకటి మాట్లాడుతున్న మనిషి కొద్దిసేపటినుంచి మాట్లాడలేదు. మళ్లీ ఆవలింత. మిషన్ తెర పచ్చగానే ఉంది, అలారం లేదు. దగ్గరికి వెళ్లి నుదురు ముట్టుకుంటావు. చల్లగా, తడిగా ఉంది.

"తాతా?"

"కడుపులో తిప్పుతోంది పాపా."

బీపీ కఫ్ కుడి చేతికి. ఫిస్టులా చేతికి ఎప్పుడూ కాదు. 130 ఉండాల్సింది 88 చూపిస్తుంది. అప్పటికే నీ వేలు నీరు తీయడం ఆపే బటన్ మీదుంది. మంచం తలవైపు దించి, కాళ్లు పైకి లేపి, సెలైన్ క్లాంపు వదిలి, "సార్" అని పిలుస్తావు. సార్ వచ్చేసరికి 100 మిల్లీలీటర్లు పోయింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడి చూస్తారు. ఇంకో 100. పిక్క పట్టేసిందని తాత పళ్లు బిగిస్తాడు. పాదం వేళ్లను మోకాలి వైపు వంచి పట్టుకుంటావు. ఐదు నిమిషాలకు బీపీ 112. ముఖంలోకి రంగొస్తుంది.

"ఆవలింత ఎవరు నేర్పారు?" అడుగుతారు సార్.

"పుస్తకంలో ఒక్క ముక్క ఉంది సార్."

"ఆ ఒక్క ముక్కా చాలామంది చదవరు."

మిగిలిన గంటలో తక్కువ నీరు తియ్యమని డాక్టరుగారు ఫోనులో చెప్పారు. ఆఫ్ చేశాక నెత్తురంతా సెలైన్‌తో లోపలికి తోసి, సూదులు తీసి, దూది మీద రెండు వేళ్లతో పది నిమిషాలు నొక్కి పట్టుకుంటావు. గట్టిగా నొక్కితే ఫిస్టులా గడ్డకడుతుంది, వదులుగా నొక్కితే కారుతుంది. వేళ్ల కింద వణుకు తెలుస్తూనే ఉండాలి, నెత్తురు మాత్రం రాకూడదు. తూకం 52.7. మిగిలిన 700 గ్రాములు వచ్చేసారికి. అప్పటిదాకా ఎండు చేప ముట్టుకోనని తాత మాటిచ్చాడు. ఆ మాట నువ్వూ నమ్మలేదు, ఆయనా నమ్మలేదు.

పరీక్ష వేసవిలో. రాత పరీక్షలు అయిపోయాక ప్రాక్టికల్. బల్లమీద వస్తువులు పరిచి ఉంటాయి: డయలైజర్, రెండు రంగుల గొట్టాలు, ఫిస్టులా సూది, మెడలో పెట్టే క్యాథెటర్, హెపారిన్ సీసా. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ కళ్లద్దాలు సవరించుకుంటారు.

"ముందు యూరియా 120, తరువాత 42. డయాలసిస్ సరిపోయిందా?"

"78 తగ్గింది మేడమ్. 65 శాతం. కనీసం అంత ఉండాలి, సరిగ్గా అంతే ఉంది."

"రెండో శాంపిల్ ఎలా తీశావు?"

"పంపు 100కి తగ్గించి పావు నిమిషం ఆగి, ఎర్ర గొట్టం పోర్టు నుంచి మేడమ్. తగ్గించకుండా తీస్తే శుద్ధయిన నెత్తురే తిరిగొచ్చి కలుస్తుంది, అంకె అబద్ధం చెబుతుంది."

తలూపుతారు. గొట్టంలోకి గాలి పోతే ఏం చేస్తావని అడుగుతారు. పంపు ఆపి నీలం గొట్టం క్లాంపు వేస్తాను, ఎడమ పక్కకు పడుకోబెట్టి తల దించుతాను, ఆక్సిజన్ పెట్టి డాక్టరుగారిని పిలుస్తాను. చెబుతుంటే నీ చేతులు గాలిలో క్లాంపు వేస్తున్నాయి. మేడమ్ వాటినే చూస్తున్నారు.

పాసయ్యావు. పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ పూర్తయింది. సర్టిఫికెట్ మీద నీ పేరు, ఒక నంబరు. ఇప్పుడు నీళ్ల రిజిస్టరులో నీ అంకె కింద నీ సంతకమే చాలు. రంగొచ్చిన రోజున మిషన్లు ఆపమని చెప్పాల్సింది కూడా నువ్వే. బయట కూర్చున్నవాళ్లు కేకలేసినా, పైనుంచి ఫోనొచ్చినా.

ఉద్యోగం జిల్లాలోనే దొరికింది, కాంట్రాక్టు మీద. ఆ ఇచ్చే జీతం ఈ బాధ్యతకు తగింది కాదు. ఇన్ని ప్రాణాలు అప్పగించినవాళ్లను ఏడాదికోసారి కాగితం పొడిగిస్తారో లేదోనన్న దిగులులో ఉంచడం న్యాయం కాదు. అయినా మొదటి రోజు నాలుగు మంచాలూ నీవే అని చెప్పినప్పుడు ఛాతీ నిండుగా గాలి పీల్చుకున్నావు.

మధ్యాహ్నం షిఫ్టు మొదలుపెట్టబోతుంటే ఫోనులో పాత సినిమాలు చూసే కుర్రాడి భార్య తలుపు దగ్గర ఆగింది. వీళ్లు ఇప్పుడు ఈ కేంద్రానికే వస్తున్నారు.

"ఇదింకెన్నాళ్లక్కా? ఎన్నిసార్లు చేస్తే తగ్గుద్ది?"

ఈ ప్రశ్న ఏ వైవాలోనూ రాలేదు. తగ్గుతుందని చెప్పేస్తే ఈ సాయంత్రం ఆమె నిద్రపోతుంది. కుర్చీ లాగి ఆమెను కూర్చోబెడతావు. డయాలసిస్ నెత్తురు శుభ్రం చేస్తుందే గాని కిడ్నీని బాగుచేయదని, అందుకే ఆపకూడదని చెబుతావు. ఆమె కొంగు మెలిపెడుతుంది, కానీ వింటుంది.

"మీ ఆయన వయసు తక్కువ. కిడ్నీ మార్పిడికి పనికొస్తాడేమో డాక్టరుగారు చూడాలి. ఇంట్లో ఇచ్చేవాళ్లు లేకపోతే జీవన్‌దాన్‌లో పేరు రాయించొచ్చు, చనిపోయినవాళ్ల అవయవాలు వరస ప్రకారం ఇస్తారు. మీరు రాయించారా?"

"అదేటో మాకెవులూ సెప్పనేదక్కా."

"సోమవారం డాక్టరుగారు వస్తారు. పాత రిపోర్టులన్నీ పట్టుకురా, స్కానింగులతో సహా. ఆధార్, రేషన్ కార్డు కూడా. ఆయన దగ్గరికి నేను తీసుకెళ్తాను" అని, ఫైలు వెనక అట్ట మీద కావాల్సినవి ఒక్కొక్కటే రాసిస్తావు.